ఎడమ వైపు ముప్పావు అంగుళం

మా కారు కుడివైపుకి ఒరిగి ఉంటుంది. నిన్నా మొన్నా వచ్చిన జబ్బు కాదు, పందొమ్మిదేళ్ళ నుంచీ ఇంతే. తార్నాకలో మా వీధి మొత్తానికీ తెలుసు, చర్చిలో అందరికీ తెలుసు. కారణం కూడా తెలుసు. మా నాన్న జ్ఞానప్రకాశంగారు తొంభై ఆరు కిలోల మనిషి. అంత మనిషి రోజూ డ్రైవర్ సీట్లో కూర్చుంటే పాత జెన్ కారు స్ప్రింగులు మాత్రం ఎన్నాళ్ళని మోస్తాయి?

"ప్రకాశంగారూ, కారు ఏడుస్తున్నట్టుందండీ" అనేవాళ్ళు చర్చి గేటు దగ్గర. నాన్న పొట్ట మీద రెండుసార్లు తట్టుకుని, "దేవుడిచ్చింది, ఎక్కడ దాచమంటారు?" అని అందరికంటే పెద్దగా నవ్వేవాడు.

నాన్న పోయాడు. ఆయన సీట్లో ఇప్పుడు నా కూతురు జెస్సికా కూర్చుంటోంది. దాని బరువు నలభై తొమ్మిది కిలోలు. అది కూడా నేను తిట్టి తిట్టి తినిపిస్తే. పైగా ఆ మహాతల్లి పోయిన నెల నాలుగు స్ప్రింగులూ పీకేసి కొత్తవి వేయించింది. అయినా కారు కుడివైపుకే ఒరిగింది.

నాకు కోపం ఎక్కువ, ముందే చెప్పేస్తున్నాను. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఇరవై రెండేళ్ళుగా పని చేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మార్కుల మెమోల కోసం జనం నా మీద అరుస్తారు, నేను జనం మీద అరుస్తాను. ఇంటికొచ్చాక ఆ గొంతు తగ్గించుకోవడం మర్చిపోతుంటాను. మా ఆయన బెన్నీ మంచివాడు కాబట్టి పేపరు అడ్డం పెట్టుకుని బతికేస్తున్నాడు.

స్ప్రింగులు మార్చిన రోజు సాయంత్రం జెస్సికా కారుని గేటు ముందు ఆపి హారన్ కొట్టింది. వెళ్ళి చూస్తే కారు నేలకి కూలబడినట్టుంది. చక్రాలు పైకి మడ్‌గార్డుల్లోకి దూరిపోయాయి.

"ఏమైందే దీనికి? టైర్లలో గాలి పోయిందా?"

"లోయరింగ్ స్ప్రింగ్స్ మమ్మీ! నలభై ఎం.ఎం. కిందికొచ్చింది. కార్నరింగ్ మస్తుంటది ఇగ. వచ్చే నెల మా కాలేజ్ ఎగ్జిబిషన్‌ల పెడుతున్న."

జెస్సికా యూనివర్సిటీ క్యాంపస్‌లోనే మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతోంది. దానికి తోడు ఇంకో నలుగురు. అందరికీ బండ్ల పిచ్చి.

"నువ్వు కార్నరింగ్ చేసే కార్నర్లు తార్నాకలో ఎక్కడున్నాయే? సిగ్నల్ దగ్గరా?"

"నీకు తెల్వదులే మమ్మీ. కానీ ఒక్క ప్రాబ్లమ్ ఉన్నది." అది టేపు తీసి ముందు చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచింది. తరవాత అటు వెళ్ళి కొలిచింది. "చూడు. ఎడమ దిక్కు ముప్పావు అంగుళం ఎత్తున్నది. కొత్త స్ప్రింగ్స్‌కి గిట్ల ఎట్లయితది?"

నాకు నవ్వొచ్చింది. "మీ తాతయ్య బరువే. కారు మర్చిపోలేదు."

దానికి నవ్వు రాలేదు. ఇనుముకి గుర్తుండదు మమ్మీ అంది. కుడి స్ప్రింగు ఎడమకీ ఎడమది కుడికీ మార్చి చూస్తానంది. మరునాడు మార్చింది. అంతే ఒరిగి ఉంది. కారు జాకీ మీద ఉండగానే నట్లన్నీ బిగించేసుంటాం, అందుకే రబ్బరు బుష్‌లు మెలి తిరిగుంటాయంది. అన్నీ వదులు చేసి, కారుని నేల మీద నిలబెట్టి, మళ్ళీ బిగించింది. అప్పుడూ అంతే. ముప్పావు అంగుళం చెక్కు చెదరలేదు.

నాకా ఒరుగుడు మీద ఏ పట్టింపూ లేదు. నా గొడవంతా ఆదివారం మొదలైంది.

మా అమ్మ జ్యోతి గురించి చెప్పాలి. బాపట్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒక మిషన్ స్కూల్లో ముప్ఫై ఒక్కేళ్ళు పాఠాలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. ఇప్పుడు డెబ్బై నాలుగు. రెండు వేల నాలుగు డిసెంబరులో స్కూలు మెట్ల మీద జారి ఎడమ తుంటి విరిగింది. లోపల ప్లేటు వేశారు. మూడు నెలల తరవాత మొదటిసారి చర్చికి తీసుకెళ్ళాం. కారు ఆగగానే నాన్న అటునుంచి తిరిగొచ్చి, తలుపు తీసి, చెయ్యి అందించాడు. అమ్మ ఆ చేతిని చూసి, గేటు దాకా వినిపించేలా, "నేనింకా చావలేదండీ" అంది. అందరూ నవ్వారు. నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అమ్మ కూర్చుని, పళ్ళు బిగించి, నాలుగుసార్లు ప్రయత్నించి, చెమటలు కక్కుతూ లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. అప్పటి నుంచి ఎవరమూ చెయ్యి అందించే సాహసం చెయ్యలేదు.

కానీ ఆ ఏడాది ఈస్టర్‌కి చూడాలి అమ్మని. కారు తలుపు తీసి, కాళ్ళు బయటపెట్టి, ఒక్కసారిలో లేచి నిలబడింది. చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది, దేవుడు నాకు సాయం పంపించాడు అని. అందరం ఆమేన్ అన్నాం. ఇక ఆ రోజు నుంచి ఆ కారులోనే వెళ్ళడం, ఆ కారులోనే రావడం. ఆటో ఎక్కదు, వేరే వాళ్ళ పెద్ద కార్లు ఎక్కదు. "నా కారులో అయితే నేనే దిగుతాను" అంటుంది. నా కారు అనే అంటుంది, నడపడం రాకపోయినా.

ఆ అమ్మ, స్ప్రింగులు మార్చిన మొదటి ఆదివారం, చర్చి ముందు కారులోంచి లేవలేకపోయింది.

ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి ముందు డ్యాష్‌బోర్డు మీద పెట్టి ఊపిరి బిగబట్టింది. సగం లేచి మళ్ళీ కూలబడింది. రెండోసారీ అంతే. మూడోసారికి మొహం ఎర్రబడింది. మా వెనక పంక్తిలో కూర్చునే సోమమ్మగారు పరిగెత్తుకొచ్చి, "పట్టుకోండి టీచరుగారూ" అని రెండు చేతులూ చాపింది. ఇంకో ఇద్దరు వచ్చారు. అమ్మ వాళ్ళందర్నీ చూసి కాళ్ళు లోపలికి తీసుకుంది.

"లోపల ఉక్కగా ఉంటుంది సోమమ్మా. ఇక్కణ్ణుంచే వింటాను. మైకుందిగా" అంది.

ఆ రోజు ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన. తుంటి విరిగినప్పుడు తప్ప అమ్మ ఎన్నడూ బల్ల తప్పలేదు. గంటన్నర సేపు ఆ ఎండలో, అద్దం దించుకుని, పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను లోపల కూర్చుని ఒక్క వాక్యం వినలేదు.

తరవాతి ఆదివారం, "తలనొప్పిగా ఉంది, మీరు వెళ్ళి రండి" అంది. అమ్మకి తలనొప్పి రావడం నా జీవితంలో చూడలేదు. ఆ పై ఆదివారం నాన్న రెండో ఏడాది జ్ఞాపకార్థ కూడిక. పాస్టరుగారు ఫోన్ చేసి టీచరుగారు రెండు మాటలు మాట్లాడాలి అంటే, అమ్మ నా చేతికి ఫోనిచ్చేసి, "సౌమ్య మాట్లాడుతుందిలే. నాకు వీలుపడదు" అంది. ఆ మాట అంటూ నాన్న ఫొటో వైపు చూడలేదు.

ఇక నేను జెస్సికా మీద పడ్డాను.

"ఈ ఆదివారం లోపల పాత స్ప్రింగులు కారుకి ఉండాలి. అర్థమైందా? తాతయ్య కూడికకి అమ్మమ్మ రాకపోతే నిన్ను బతకనివ్వను."

"పెడతా మమ్మీ. నాకు బాధ లేదా? అమ్మమ్మ అట్ల కూర్చుంటదని నాకేం ఎరుక?" దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కానీ..."

"కానీ ఏంటి?"

"పాతవి ఇంట్ల లేవు. కాలేజ్ వర్క్‌షాప్‌ల మావోళ్ళు స్క్రాప్‌ల ఏశిన్రు."

అప్పుడు నేను అన్న మాటలు రాయను. వీధి చివరి దాకా వినిపించాయని బెన్నీ తరవాత చెప్పాడు.

శనివారం పొద్దున్నే సెలవు పెట్టి నేనే దాన్ని తీసుకుని బయల్దేరాను. అది నడుపుతోంది, నేను అమ్మ సీట్లో కూర్చున్నాను. తార్నాక సిగ్నల్ దాటి క్యాంపస్ లోపలికి తిరగ్గానే నా గొంతు దానంతట అదే తగ్గింది. నాకెప్పుడూ అంతే ఆ రోడ్ల మీద. ఈ క్యాంపస్‌లోనే నాన్న ముప్ఫై నాలుగేళ్ళు పని చేశాడు, ఇంజినీరింగ్ కాలేజీ వర్క్‌షాప్‌లో ఇన్‌స్ట్రక్టరుగా. ఈ కారు కొన్న ఏడాది, ఆదివారం మధ్యాహ్నాలు, చర్చి అయ్యాక ఈ ఖాళీ రోడ్ల మీదే నాకు డ్రైవింగ్ నేర్పాడు. క్లచ్ గట్టిగా వదిలితే కారు ఎగిరి ఆగేది. నాన్న తిట్టేవాడు కాదు. కిటికీ బయటికి చూస్తూ, "మళ్ళీ" అనేవాడు. మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ. రోడ్డు పక్కన రాలిన పసుపు పూల మీద మా చక్రాల గుర్తులు ఒకటే చోట పది వరసలు పడేవి. ఆ ఓపిక నాకు రాలేదు. ఎక్కణ్ణుంచి వస్తుంది, ఆయనదంతా ఆయనతోనే పోయింది.

ఆర్ట్స్ కాలేజీ ముందు పొద్దున నడకకి వచ్చినవాళ్ళు ఇంకా తిరుగుతున్నారు. ఒక పెద్దాయన మా కారుని చూసి ఆగి, తల పక్కకి వంచి, ఒరుగుడుని పరిశీలించాడు. నాకు ఒళ్ళు మండింది.

వర్క్‌షాప్ వాసన మారలేదు. నూనె, ఇనప రజను, తడి ఇసుక. చిన్నప్పుడు నాన్న చొక్కాలకి ఇదే వాసన. లోపల గోడకి అదే బోర్డు: ప్రతి జాబ్ మీదా రోల్ నంబరు, తేదీ పంచ్ చెయ్యవలెను. విద్యార్థి ఏ ఇనప ముక్క తయారు చేసినా దాని మీద నంబర్ పంచ్ పెట్టి సుత్తితో కొట్టాలి. కొట్టకపోతే మార్కుల్లేవు. నాన్నకి ఈ అలవాటు ఎముకల్లోకి దిగిపోయింది. ఇంట్లో ఆయన చేసిన ప్రతి వస్తువు మీదా పేరూ తేదీ ఉంటాయి. అట్లకాడ మీద ఉంటుంది. బాత్‌రూమ్ గడియ మీద ఉంటుంది. నా కంపాస్ బాక్సు మీద, సౌమ్య, ఏడో తరగతి అని ఉంటుంది. ఆ పంచ్‌ల సెట్టులో మూడు అంకె విరిగింది. కింది వంపు సగమే పడుతుంది. కాలేజీ వాళ్ళు కొత్త సెట్టు కొనలేదు, నాన్నేమో ఆ సగం మూడుతోనే సర్వీసంతా లాగించేశాడు.

పరుశురాం ఎదురొచ్చాడు. నాన్న దగ్గర అసిస్టెంటుగా చేరి, ఇప్పుడు రిటైర్మెంటుకి రెండేళ్ళ దూరంలో ఉన్నాడు. గోల్నాక నుంచి ఇప్పటికీ సైకిల్ మీదే వస్తాడు.

"నమస్తే అక్క. మస్తు దినాలకి! అమ్మ మంచిగున్నదా?"

"ఎక్కడ మంచిగా అన్నా? మా జెస్సికా చేసిన పని చూడు." జరిగిందంతా చెప్పి, "పాత స్ప్రింగులు స్క్రాప్‌లో వేశారంట. ఎక్కడైనా దొరుకుతాయా?" అని అడిగాను.

"స్క్రాప్‌ల ఎందుకుంటయ్? నేను తీసి పెట్టిన. జెన్ స్ప్రింగ్‌లు గీ కాలేజ్‌ల ఇంకెవరియి ఉంటయ్? ప్రకాశం సార్ బండి సామాన్ నేనెట్ల పారేస్త?" లోపలికి వెళ్ళి, గోనెపట్టాలో చుట్టిన నాలుగు స్ప్రింగులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నూనె కూడా రాసి పెట్టాడు.

నాకు అక్కడే ఏడుపొచ్చేది. జెస్సికా అడ్డం వచ్చింది.

"థ్యాంక్స్ అంకుల్. ఇంకొకటి చూడుండ్రి. ఎడమ దిక్కు ముప్పావు అంగుళం ఎత్తున్నది. స్ప్రింగ్‌లు అటిటు మార్చిన. బుష్‌లు మళ్ళ టైట్ చేసిన. అయినా పోతలేదు. పాతయి పెట్టే ముందు అదొక్కటి సెట్ చేస్తా."

పరుశురాం మొహం మారింది. కారు చుట్టూ తిరిగొచ్చి, ఎడమ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"అది సెట్ చేసెడిది కాదు బిడ్డ" అన్నాడు.

"ఎందుకు?"

"చక్రం విప్పు. స్ప్రింగ్ దించు. పైన బాడీకి తగిలే జాగల నల్లటి తారు ఉంటది. అది గీకు."

జెస్సికా జాకీ పెట్టి చక్రం విప్పింది. స్ప్రింగునీ దాని లోపలి గొట్టాన్నీ కలిపి కిందికి దించింది. ఆ ఖాళీలోకి తల దూర్చి టార్చి వేసుకుని గీకడం మొదలుపెట్టింది. నల్లటి పెచ్చులు దాని జుట్టు మీద రాలాయి. రెండుసార్లు విప్పినా అది కారు బాడీయే అనుకున్నాం అని లోపలి నుంచి గొణిగింది. కొంచెంసేపటికి గొణుగుడు ఆగింది. చిన్న సుత్తితో ఠక్ ఠక్ మని కొట్టింది. అరచెయ్యంత బిళ్ళ ఒకటి దాని చేతిలోకి ఊడిపడింది.

గుండ్రటి అల్యూమినియం బిళ్ళ. మధ్యలో కన్నం, చుట్టూ బోల్టులకి మూడు చిన్న కన్నాలు. లేత్ మీద తిప్పిన గీతలు ఇంకా సన్నగా మెరుస్తున్నాయి. జెస్సికా దాన్ని చొక్కాకి తుడిచి, వెలుతురులోకి పట్టుకుని, నాకిచ్చింది.

ఇంగ్లీషు అక్షరాల్లో జ్యోతి అని పంచ్ కొట్టి ఉంది. దాని కింద ఎడమ, 18 ఎం.ఎం. దాని కింద తేదీ. 23-3-2005. రెండు మూళ్ళకీ కింది వంపు సగమే పడింది.

ఆ ఏడాది ఈస్టర్ మార్చి ఇరవై ఏడు. నాకు గుర్తుండటానికి కారణం ఉంది, జెస్సికాకి అదే మొదటి ఈస్టర్.

"గా ఆదివారం అమ్మ గేట్ కాడ 'నేనింక సావలే' అన్నదట గద" అన్నాడు పరుశురాం. "సోమవారం సార్ వచ్చి గీ లేత్ కాడ నిలబడ్డడు. పొద్దుగూకెదాక ఊకనే నిలబడ్డడు. తర్వాత నన్ను పిలిచి, 'ఆవిడ చెయ్యి పట్టుకోదు పరుశురాం, సీటే పైకి రావాలి' అన్నడు. నేనన్న, రెండు దిక్కుల ఎయ్యుండ్రి సార్, బండి సమానంగ ఉంటది అని. 'వద్దు. కారు మొత్తం లేస్తే ఆవిడకి తెలిసిపోతుంది. ఒక పక్కే లేస్తే నా పక్క కుంగిందనుకుంటారు. నా పొట్ట మీద తోసేద్దాం' అన్నడు. ఎవ్వరికి చెప్పొద్దని ఒట్టు ఏపిచ్చుకున్నడు. సార్ పొయ్యేదాక చెప్పలే. పోయినంక గూడ చెప్పలే."

నా పొట్ట మీద తోసేద్దాం.

ఆయన పొట్ట మీద అందరికంటే ఎక్కువ తోసింది నేను. చివరి ఆరేళ్ళూ ఆయన తిండి నా చేతిలోనే ఉంది. చర్చి దగ్గర ఆ నవ్వులు భరించలేక, కారు ఒరుగుడు చూసినప్పుడల్లా నాకు సిగ్గేసి, ఆయనకి అన్నం మానిపించాను. రాత్రిపూట రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర. ఆదివారం మాంసం కూర వండితే మూడు ముక్కలు లెక్కపెట్టి వేసేదాన్ని. "కారుని చూసైనా సిగ్గు తెచ్చుకో నాన్నా" అని ఒకసారి అన్నాను. అన్నాను, నా నోటితోనే అన్నాను. ఆయన రొట్టె తుంచుకుంటూ, "నిజమేనమ్మా" అన్నాడు. ఒక్క మాట చెబితే ఆయన కంచంలోకి అన్నం వచ్చేది. చెప్పలేదు.

వర్క్‌షాప్ బల్ల దగ్గర కూర్చుని ఆ బిళ్ళని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఎవరు చూస్తున్నారో పట్టించుకోలేదు. జెస్సికా వచ్చి నా పక్కన కూర్చుంది. దాని చేతులకి తారు. ఆ చేతులతోనే నన్ను పట్టుకుంది.

"మమ్మీ, నేను దీన్ని తీసేసి బండి లెవెల్ చేద్దామనుకున్న" అంది. "ఎగ్జిబిషన్ ఒద్దులే."

బిళ్ళని అదే పెట్టింది, అదే చోట, రాత పైకి ఉండేలా. పాత స్ప్రింగులు నాలుగూ వేసింది. ఈసారి కారుని నేల మీదికి దించాకే నట్లు బిగించింది. పరుశురాం పక్కన నిలబడి చూశాడు, చెయ్యి వెయ్యలేదు. అంతా అయ్యాక జెస్సికా టేపు తీసింది. ఎడమ వైపు ముప్పావు అంగుళం ఎత్తు. కారు మళ్ళీ మా కారయింది.

ఇంటికెళ్ళాక అమ్మతో, "పాత స్ప్రింగులు వేసేశాం. రేపు రావాలి" అని మాత్రం అన్నాను. బిళ్ళ సంగతి చెప్పలేదు. చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నాడు, పరుశురాం పందొమ్మిదేళ్ళు మోశాడు, నేను ఒక్క పూట మొయ్యలేనా? అమ్మ కిటికీలోంచి కారుని చూసింది. "ఊఁ" అంది.

ఆదివారం తెల్ల చీర కట్టుకుంది. నాన్న ఎప్పుడో కొన్న సన్న నీలం అంచు చీర. చర్చి గేటు ముందు జెస్సికా కారు ఆపింది. ఇంజన్ ఆపేసి అద్దంలోంచి నన్ను చూసింది. నేను వెనక సీట్లో వేళ్ళు మెలేసుకుని కూర్చున్నాను. సోమమ్మగారు మెట్ల మీద నిలబడి ఇటే చూస్తోంది.

అమ్మ తలుపు తీసింది. కాళ్ళు బయట పెట్టింది. తలుపు మీద చెయ్యి వేసి, ఒక్కసారిలో లేచి నిలబడింది.

నేను నా జన్మలో అంత గట్టిగా స్తోత్రం అనుకోలేదు.

సోమమ్మగారు దగ్గరికొచ్చి అమ్మ భుజం తట్టి, కారుని చూసి, "ప్రకాశంగారు లేకపోయినా ఆ పక్కకే ఒరిగుందేంటి టీచరుగారూ?" అంది.

అమ్మ వెనక్కి తిరిగి చూడకుండా, "ఆయన బరువు అలాంటిది సోమమ్మా" అంది. పందొమ్మిదేళ్ళుగా అనే మాటే. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మొదటిసారి ఆ మాట అన్నది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఈస్టర్ రోజే, ఇదే గేటు దగ్గర, కారు కుంగిందేంటని ఎవరో అడిగితే, నాన్న నోరు తెరిచేలోపే అమ్మే అంది.

కూడికలో అమ్మ రెండే మాటలు మాట్లాడింది. ఆయనకి నేను పెట్టిన కష్టం ఆయన ఎవరికీ చెప్పలేదు అంది, వచ్చినవాళ్ళకి వందనాలు అంది, కూర్చుంది.

కూడిక అయ్యాక ఇంటికి బయల్దేరాం. మా వీధి మలుపు తిరిగాక అమ్మ, రోడ్డు వైపే చూస్తూ, "దాన్ని తుడిచి పెట్టారా, అలాగే పెట్టేశారా?" అంది.

"దేన్ని?" అన్నాను.

"ఆ బిళ్ళని."

జెస్సికా బ్రేకు మీద కాలేసింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టి తిట్టుకుంటూ పోయాడు.

"నీకు తెలుసా అమ్మా?"

"మీ నాన్న ఆ వారం వర్క్‌షాప్ నుంచి ప్లైవుడ్ ముక్కలు తెచ్చాడు. వంటింట్లో నా స్టూలు ఊగుతోందని రోజుకొకటి దాని కాళ్ళ కింద పెట్టేవాడు. పెట్టి, 'జ్యోతీ, ఓసారి కూర్చుని లే' అనేవాడు. మూడో ముక్కకి సులువుగా లేచాను. మర్నాటి నుంచి ఇక ముక్కలు తేలేదు. ముప్ఫై ఒక్కేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, ఆ లెక్క తెలీదా నాకు? ఆరేసి మిల్లీమీటర్ల ముక్కలు మూడు. ఈస్టర్ రోజు కారులోంచి లేవగానే తెలిసిపోయింది."

"మరి బిళ్ళ అని ఎలా తెలుసు?"

"ఆ పై వేసవిలో నువ్వు ఊళ్ళో లేనప్పుడు బానెట్ ఎత్తి బోల్టులు బిగిస్తూ ఆయన పరుశురాంతో గుసగుసలాడుతుంటే కిటికీలోంచి విన్నాను. గుసగుస కూడా మీ నాన్నకి సరిగ్గా చేతకాదు."

"తెలిసీ ఆయన బరువని ఎందుకన్నావమ్మా అందరి ముందూ?"

"ఎవరో ఒకరు అనాలిగా. అనకపోతే కారు ఎందుకు ఒరిగిందని అడుగుతారు. అడిగితే ఆయన అబద్ధం చెప్పలేడు. నా కోసమని బయటపడితే నేను ఆ కారు ఎక్కనని ఆయన భయం. అందుకే నేనే అనేశాను."

నేను ముందు సీటు వైపు వంగాను. "నేను ఆయనకి అన్నం మానిపించానమ్మా."

అమ్మ మొదటిసారి వెనక్కి తిరిగింది. "ఏం మానిపించావులే. నువ్వు ఆఫీసుకెళ్ళాక మధ్యాహ్నం నేనే వేడన్నం వడ్డించేదాన్ని. ముద్దపప్పు, నెయ్యి. అందుకే కదా ఒక్క కిలో తగ్గలేదు. ఆరేళ్ళు ఆ జొన్నరొట్టెలు పని చెయ్యడం లేదని డాక్టర్ల మీద అరిచావు."

జెస్సికా స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, ఏడుస్తూనే.

"ఆయనకి తెలుసా, నీకు తెలుసని?"

"ఆయన అడగలేదు. నేను చెప్పలేదు."

ఇంటి ముందు కారు ఆగింది. జెస్సికా దిగి, అటు తిరిగొచ్చి, తలుపు తీసి పక్కకి తప్పుకుంది. మా ఇంట్లో అందరికీ అలవాటే, తలుపు తీసి తప్పుకోవాలి. అమ్మ కాళ్ళు బయటపెట్టింది గానీ లేవలేదు. సీటు అంచు మీద కూర్చుని తన చెప్పుల వైపు చూసుకుంటూ ఉండిపోయింది.

"ఆ రోజు గేటు దగ్గర ఆయన చెయ్యి పట్టుకుని ఉండాల్సింది" అంది. "ఆ బిళ్ళ చేసి పెట్టాక ఇక చెయ్యి చాపే అవసరం ఆయనకి రాలేదు. నేనూ అడగలేదు."

తరవాత తల ఎత్తి జెస్సికా వైపు చెయ్యి చాపింది. జెస్సికా కంగారుపడి రెండు చేతులతోనూ పట్టుకుంది. గోళ్ళలో ఇంకా తారు ఉంది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా, కావాలని ఎక్కువసేపు తీసుకుని లేచింది. లేవడానికి ఆ చెయ్యి అక్కర్లేదని మా ముగ్గురికీ తెలుసు.